160 చదరపు అడుగుల గదిలో మిరప నారు

ఏప్రిల్ వచ్చిందంటే ముంబై లాల్‌బాగ్ మిర్చి గల్లీలోకి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోకుండా అడుగు పెట్టడం కష్టం. బ్యాడ్గి, సంకేశ్వరి, పాండి, లవంగి, కాశ్మీరీ, రేషంపట్టి, వాటి సరసనే మన గుంటూరు. గోనె సంచుల మూతులు మడిచి కాయను ఎత్తుగా పోసి ఉంచుతారు. కొన్న కాయను ఎండబెట్టుకుని, ధనియాలూ మసాలా దినుసులూ వేయించి తీసుకెళ్తే ఇనుప రోకళ్ల యంత్రం మీద ఏడాదికి సరిపడా కారం దంచి ఇస్తారు. మరాఠీవాళ్లు దాన్ని డంకా అంటారు. దాని చప్పుడు సగం, జనం తుమ్ముల చప్పుడు సగం, వేసవి పొడుగునా ఆ గల్లీకి అదే సంగీతం.

అక్కడ కొన్న కాయల తొడిమలు తీసేటప్పుడు పళ్లెంలో గింజలు రాలుతాయి. ఒక్కో కాయలో యాభై నుంచి వంద దాకా ఉంటాయి. వాటిలో చిటికెడు గింజలు వర్లీ, నాయ్‌గావ్, కామాఠీపురాల్లోని తెలుగు ఇళ్లలో పాత నూనె డబ్బాలోకో, పగిలిన బకెట్టులోకో చేరడం మామూలే. మొలకలూ వస్తాయి. రెండాకులు విచ్చుకుంటాయి. ఇంట్లో పిల్లలు చూసి మురుస్తారు. పదిహేనో రోజు పొద్దున లేచి చూస్తే సగం మొక్కలు నేలకు ఒరిగి ఉంటాయి, మర్నాటికి మిగతా సగం. "మా చెయ్యి మంచిది కాదు, మొక్క నిలవదు" అనేసి ఇల్లాలు ఆ డబ్బాలో కొత్తిమీర చల్లేస్తుంది.

ఇందులో చేతి తప్పేమీ లేదు. గుంటూరు పొలానికి చెప్పిన పద్ధతి ముంబై గదిలో పనిచేయదు. మంచు దేశాల వాళ్లు ఇంట్లో నారు పెంచే పద్ధతి అంతకన్నా పనిచేయదు. ఒంటిగది ఇళ్లు వరుసగా ఉండే చాళ్‌లో మిరపకు కొరత ఏమిటో, అక్కర్లేనంత దండిగా ఉన్నదేమిటో ముందు తెలియాలి. వెచ్చదనం కావలసినంత ఉంది. తేమ కావలసిన దానికంటే చాలా ఎక్కువ ఉంది. లేనివి మూడు: మట్టి, వెలుతురు, గాలి.

మట్టి సంగతి ముందు. కామాఠీపురా అనగానే సినిమావాళ్లకు వేశ్యావాడ దృశ్యం ఒక్కటే కనిపిస్తుంది. ఆ దృశ్యం వెనక రెండు వందల ఏళ్లకు పైబడిన తెలుగు కూలీల చరిత్ర ఉంది. ఏడు దీవుల బొంబాయిలో సముద్రపు పోటు లోపలికి రాకుండా కట్టిన హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట 1784 ప్రాంతంలో పూర్తయింది. అంతవరకూ ఉప్పునీళ్లలో మునిగి తేలిన పల్లపు భూములు ఆ తర్వాత పూడి, మనుషులు ఉండటానికి పనికొచ్చాయి. నైజాం రాజ్యం నుంచి రోడ్ల పనికీ కట్టడాల పనికీ వచ్చిన తెలుగు కూలీలు, అంటే కామాఠీలు, ఆ పల్లపు భూముల్లోనే గుడిసెలు వేసుకున్నారు. పేట పేరు వాళ్ల వల్లే వచ్చింది. అంటే గల్లీలో తవ్వితే తగిలేది పొలం మట్టి కాదు, పూడిక. రాయి, ఇటుక ముక్క, సున్నం, పాత సిమెంటు. ఇల్లు మరమ్మతు చేసిన చోట కుప్పగా పడి ఉన్న ఆ మన్నునే తెచ్చి డబ్బాలో నింపితే తడిసినప్పుడు బురద, ఎండినప్పుడు పలక. మిరప వేరు వెంట్రుకలా ఉంటుంది, ఆ పలకను చీల్చుకుని కిందికి పోలేదు.

తర్వాత వచ్చినవాళ్లు నేతగాళ్లు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు పద్మశాలీలు బట్టల మిల్లుల్లో పని వెతుక్కుంటూ వచ్చి పరేల్, వర్లీ చుట్టుపక్కల స్థిరపడ్డారు. 1920లలో ప్రభుత్వం కట్టించిన బీడీడీ చాళ్లలో చాలామంది తెలుగువాళ్లకు గదులు దొరికాయి. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషీ మార్గ్‌లో 32, శివ్‌డీలో 12, మొత్తం 207 కట్టడాలు. ఒక్కో ఇల్లు 160 చదరపు అడుగులు. వంట, పడక, చదువు, చుట్టాల రాకపోకలు, అన్నీ ఆ ఒక్క గదిలోనే. అలాంటి ఇంట్లో నారు మడికి దొరికేది కిటికీ గట్టు, లేదంటే గది ముందు పొడుగ్గా సాగే గ్యాలరీ కటకటాల పక్కన జానెడు చోటు.

జానెడు చోటుకు బయటి మట్టి అక్కర్లేదు. నగరంలో కొబ్బరి బొండాల బండి లేని వీధి ఉండదు, నర్సరీల్లో కొబ్బరి పొట్టు ఇటుకల రూపంలో చవగ్గా అమ్ముతారు. 650 గ్రాముల ఇటుకను నీళ్లలో వేస్తే ఉబ్బి ఎనిమిది, తొమ్మిది లీటర్ల పొట్టు అవుతుంది. అందులో ఉప్పు ఉంటుంది కాబట్టి రెండు మూడు సార్లు నీళ్లు మార్చి పిండాలి. మూడు పాళ్ల పొట్టుకు ఒక పాలు వానపాముల ఎరువు కలిపితే నారుకు చాలు. గుంటూరు, ఖమ్మం జిల్లాల్లో నారు అమ్మే షేడ్‌నెట్ నర్సరీలు గుంతల ట్రేల్లో నింపేదీ ప్రధానంగా కొబ్బరి పొట్టే.

మట్టి లేకుండా ముంబైలో కూరగాయలు ఎలా పండుతాయని అనుమానపడేవాళ్లకు ఒక ఉదాహరణ ఉంది. ముంబై పోర్ట్ ట్రస్ట్ కేంద్ర వంటశాలలో క్యాటరింగ్ అధికారిగా ఉన్న ప్రీతి పాటిల్ 2002 ప్రాంతంలో ఆ భవనం డాబా మీద తోట మొదలుపెట్టారు. వేల మంది ఉద్యోగులకు వండే వంటశాల కాబట్టి కూరగాయల తొక్కలూ మిగుళ్లూ రోజూ బుట్టలకొద్దీ వచ్చేవి. వాటినే కుళ్లబెట్టి, ఆకులలములు కలిపి, ఆ ఎరువులోనే కూరగాయలు, పండ్ల చెట్లు పెంచారు. చాళ్‌లో అంత డాబా ఎవరికీ ఉండదు, కానీ పనిచేసే సూత్రం ఒకటే. ఉల్లిపొట్టు, టీ పిప్పి, కరివేపాకు ఈనెలు మూత ఉన్న బకెట్టులో రెండు నెలలు మాగితే రెండు మిరప కుండీలకు సరిపడే ఎరువవుతుంది. ఒక్కటే షరతు: నారు దశలో పచ్చి ఎరువు వేయకూడదు. అది ఇంకా కుళ్లుతూ వేడి పుట్టిస్తుంది, బూజును పిలుస్తుంది.

ఇక కాలం. నారు పెంపకంలో సగం జయాపజయాలు ఎప్పుడు గింజ వేశామన్నదాని మీదే ఆధారపడతాయి.

న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఉన్న తెలుగు కుటుంబం ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంటి బేస్‌మెంట్‌లో దీపాల కింద మిరప గింజలు వేస్తుంది. బయట మంచు కరిగి, మే నెల వచ్చి, రాత్రి చలి తగ్గేసరికి నారు ఆరేడు ఆకుల మీద ఉండాలి. లేకపోతే అక్కడి పొట్టి వేసవిలో కాయ పండదు. కింద వేడి పుట్టించే చాప, పైన దీపం, చిన్న ఫ్యాను, అన్నీ కొనుక్కోవాలి. వాళ్ల వీడియోలు చూసి ముంబైలో ఆ వేడి చాప కొనేవాళ్లు ఉన్నారు. మిరప గింజ మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీలు కావాలి. ముంబై గదిలో ఆ వేడి ఏడాదిలో చాలా నెలలు ఊరికే దొరుకుతుంది. చాపకు పెట్టే డబ్బుతో ఒక ఎల్‌ఈడీ ట్యూబ్ కొంటే ఇంటిల్లిపాదికీ పనికొస్తుంది.

గుంటూరు, వరంగల్ రైతు నారు పోసేది జులై, ఆగస్టుల్లో. ఊళ్లో అమ్మమ్మ చెప్పే కాలమూ అదే. ముంబైలో ఆ మాట వింటే నారు దక్కదు. హైదరాబాద్‌లో ఏడాది పొడుగునా కురిసే వాన 800 మిల్లీమీటర్ల పైచిలుకు. ముంబై శాంతాక్రూజ్‌లో జులై ఒక్క నెల సగటు వానే 800 దాటుతుంది. జూన్ రెండో వారంలో మొదలైన వాన అక్టోబరు మొదటి వారం దాకా పూర్తిగా వదలదు. బట్టలే ఆరని గదిలో లేత నారు ఆరోగ్యంగా ఉండాలనుకోవడం అత్యాశ.

ఎండ లెక్క ఇంకా చిత్రంగా ఉంటుంది. ముంబై 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 15, జులై 27 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలబెట్టిన కర్రకు నీడే పడదు. ఆ రెండు తేదీల నడుమ సూర్యుడు కాస్త ఉత్తరానికి జరిగి ఉంటాడు. అందుకే దక్షిణం వైపు గ్యాలరీ ఉన్న ఇంట్లోకి నడివేసవిలో ఎండ పొడ రాదు, చూరు అడ్డుపడుతుంది. అదే గ్యాలరీలోకి నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లో ఎండ ఏటవాలుగా గుమ్మం దాకా వస్తుంది. ఉత్తరం వైపు గ్యాలరీ వాళ్లకు దీనికి సరిగ్గా తలకిందులు, చలికాలమంతా నీడే. తూర్పు, పడమర వాళ్లు అదృష్టవంతులు, ఏ కాలమైనా ఒక పూట ఎండ గ్యారంటీ, ఎదురుగా కొత్త టవరు లేవకపోతే.

కాబట్టి ముంబై చాళ్‌కు తగిన కాలం సెప్టెంబరు ఆఖరు నుంచి అక్టోబరు. బతుకమ్మ, దసరా సందడిలో గింజ వేస్తే దీపావళి దాటాక నారు కుండీ మార్చే ఎత్తుకొస్తుంది, సంక్రాంతి నాటికి పచ్చిమిర్చి తెంపుకోవచ్చు. మిరప పూత నిలవడానికి ముంబై చలికాలమంత మంచి కాలం దొరకదు. పగలు 30, 31 డిగ్రీలు, రాత్రి 17, 18. రెండో అవకాశం జనవరి ఆఖరు. కాకపోతే అప్పుడు వేసిన మొక్క పూతకు వచ్చేసరికి ఏప్రిల్ ఉక్కపోత తగులుకుని పూలు రాలుతాయి.

అక్టోబరులో వేయాలంటే గింజ ముందే సిద్ధంగా ఉండాలి. తెలంగాణలో పండు మిరప కోతకొచ్చేది సంక్రాంతి దాటాక. వరంగల్ వైపు వెళ్లొచ్చేవాళ్లు ఉగాదికి సంచిలో నాలుగు చపాటా కాయలు తేగలరు. ఎర్రగా బొద్దుగా ఉండి, కారం తక్కువ, రంగు ఎక్కువ ఉండే ఆ కాయకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది, పచ్చళ్లవాళ్లు దాన్ని వదలరు. ఏప్రిల్‌లో తీసిన గింజ అక్టోబరు దాకా ఆగాలంటే మధ్యలో నాలుగు నెలల వాన దాటాలి. గింజకు ముప్పు అక్కడే. విత్తన శాస్త్రంలో హారింగ్టన్ పేరు మీద ఒక మోటు లెక్క ఉంది: గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుంది, నిల్వచేసే చోటు వేడి ఐదారు డిగ్రీలు తగ్గినా అంతే. కాగితం పొట్లంలో కట్టి వంటింటి అటక మీద పెట్టిన గింజ ఆగస్టు దాటేసరికి మెత్తబడి పాతవాసన కొడుతుంది. నీడలో బాగా ఆరబెట్టి, బిగుతుగా మూతపడే స్టీలు డబ్బాలో పెట్టి, కింద బాగా వేయించి చల్లార్చిన బియ్యం గుప్పెడు పోస్తే, ఆ బియ్యం తేమను పీల్చుకుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా మంచిది.

లాల్‌బాగ్‌లో కొన్న ఎండుమిర్చి గింజ మొలుస్తుందా? సాధారణంగా మొలుస్తుంది, ఎండలో ఆరిన కాయే గనుక. పొయ్యి మీద వేయించిన కాయ మాత్రం పనికిరాదు. అయితే ఆ మొక్కకు కాసేది తల్లి కాయలాంటిదే అవుతుందన్న హామీ లేదు. మిరప తన పుప్పొడితో తనే కాయగలదు, కానీ తేనెటీగలు పక్క మొక్క పుప్పొడినీ తెస్తుంటాయి. పైగా నేటి పొలాల్లో హైబ్రిడ్ల వాటా పెద్దది, హైబ్రిడ్ కాయలోని గింజ వేస్తే ఒక్కో మొక్క ఒక్కో రకంగా వస్తుంది. సరదాకైతే అదీ బాగానే ఉంటుంది. నమ్మకంగా ఒకే రకం కావాలంటే గుంటూరు దగ్గర లాం పరిశోధన స్థానం విడుదల చేసిన ఎల్‌సీఏ 334 లాంటి సూటి రకం గింజో, మహారాష్ట్రలో తేలిగ్గా దొరికే పూసా జ్వాలా గింజో కొనుక్కోవడం మేలు. జ్వాలా కాయ పొడుగ్గా, ముడతలుగా ఉంటుంది, ముంబై మార్కెట్‌లో రోజూ కనబడేదే.

గింజ తీసేటప్పుడు ఒక జాగ్రత్త. కారం గింజలో పుట్టదు, గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో పుడుతుంది. గింజకు అంటేది అక్కడి నుంచే. ఒట్టి చేత్తో ఒలిచి పసిపిల్లల మొహం తాకితే ఇల్లంతా గోల. ముందుగా చేతికి నూనె రాసుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. ఒక్క గదిలో పదిమంది మెసిలే ఇళ్లలో ఈ మాట మరీ ముఖ్యం.

పది గింజలను తడి గుడ్డలో చుట్టి, మూత డబ్బాలో పెట్టి, ఫ్రిజ్ వెనక వెచ్చగా ఉండేచోట ఉంచితే వారం పది రోజుల్లో గింజ బలం తేలిపోతుంది. ఏడు మొలిస్తే మంచి గింజ. మూడే మొలిస్తే గింజ ఒత్తుగా వేసుకోవాలి. మొలకెత్తినవాటిని పారేయకుండా వేరు విరగకుండా నాటుకోవచ్చు కూడా.

వేసే పద్ధతిలో రహస్యమేమీ లేదు. కాగితపు టీ కప్పు అడుగున సూదితో నాలుగు చిల్లులు, అందులో తడిపి పిండిన పొట్టు మిశ్రమం, గోటి వెడల్పులో సగం లోతున రెండు గింజలు, పైన పల్చగా పొట్టు. కప్పులన్నీ ఒక పళ్లెంలో పెట్టి ప్లాస్టిక్ కవరు కప్పితే తేమ నిలుస్తుంది. మొలిచేదాకా వెలుతురు అక్కర్లేదు.

ఏడో రోజుకో పదో రోజుకో పొట్టు పగిలి తెల్లటి మెడ ఒకటి వంగి పైకొస్తుంది. ముందు మెడ, తర్వాత తల. తల ఇంకా గింజ తొక్కలోనే ఇరుక్కుని ఉంటుంది. ఒక పూటలో మెడ నిటారుగా లేచి, తొక్క జారి, రెండు కోసు బీజదళాలు విచ్చుకుంటాయి. కొన్నిసార్లు ఆ తొక్క టోపీలా నెత్తిమీదే ఉండిపోతుంది. చూసేవాళ్లకు చెయ్యి ఆగదు, గోటితో లాగబోతారు. తొక్కతోపాటు తలా ఊడి వస్తుంది, మిగిలిన కాడ ఇక ఎదగదు. ఆ టోపీ మీద ఒక్క నీటి చుక్క వేసి గంటసేపు వదిలేస్తే నాని దానంతటదే జారిపోతుంది. జారకపోతే సాయంత్రం ఇంకో చుక్క.

మొదటి మెడ కనిపించిన రోజే ప్లాస్టిక్ కవరు తీసేయాలి. ఇంకా మొలవని గింజల కోసం రెండు రోజులు ఉంచుదామని ఆశపడితే మొలిచినవి పోతాయి. అదే రోజు వెలుతురులోకి మార్చాలి. కిటికీకి ఆరడుగుల లోపల ఉన్న గూట్లో వెలుతురు మన కళ్లకు సరిపోయినట్టే ఉంటుంది, మొక్కకు అది చీకటే. చీకట్లో ఉన్నానని తెలిసిన మొక్క ఆకు వేయదు, కాడ సాగదీస్తుంది. మూడు రోజుల్లో మూడంగుళాలు పెరిగిన నారును చూసి బలంగా ఉందని సంబరపడతారు. అది బలం కాదు, వెలుతురు కోసం వెతుకులాట. అలా సాగిన కాడ నూలుపోగంత సన్నగా, తన తల తనే మోయలేక వాలుతుంది. టమాటా అయితే సాగిన కాడను మెడ దాకా పాతిపెట్టవచ్చు, పాతిన మేరా వేళ్లు వేస్తుంది. మిరప కాడ అలా సులభంగా వేళ్లు వేయదు. సాగకుండా చూసుకోవడం ఒక్కటే మార్గం.

ఉత్తరం వైపు ఇల్లయినా, ఎదురింటి గోడ మూడు గజాల్లో ఉన్న కామాఠీపురా గల్లీ అయినా, మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్ ఒకటి నారుకు ఆరంగుళాల ఎత్తున వేలాడదీస్తే సరిపోతుంది. 20 వాట్ల ట్యూబ్ రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు ఎనిమిదిన్నర యూనిట్ల లోపే. ఊదారంగు దీపాల అవసరం నారు దశలో లేదు. నారు ఎదిగేకొద్దీ ట్యూబ్‌నూ పైకి కట్టుకుంటూ పోవాలి.

"నారు పోసినవాడు నీరు పోయకపోతాడా" అన్న సామెత మనవాళ్లందరికీ నోటికి వచ్చు. చాళ్‌లో చిక్కల్లా ఆ నీరు పోసేవాళ్లు ఎక్కువ కావడమే. పొద్దున నల్లా వచ్చినప్పుడు అమ్మ ఒక చెంబు, స్నానం అయ్యాక నాన్న ఒక గ్లాసు, బడి నుంచి వచ్చి పిల్ల ఒక మగ్గు. పదిహేనో రోజు నారు నేలకు ఒరగడానికి అసలు కారణం ఇదే. దీన్ని నారు కుళ్లు తెగులు అంటారు. పిథియం అనే శిలీంధ్రంలాంటి జీవి దీనికి ముఖ్య కారణం. నీళ్లు నిలిచిన చోట అది ఈదుకుంటూ పోయి లేత కాడను నేలమట్టం దగ్గర పట్టుకుంటుంది. వంగి చూస్తే సరిగ్గా మట్టిని తాకే చోట కాడ నీళ్లోడి, గోధుమరంగుకు తిరిగి, దారంలా సన్నబడి ఉంటుంది. పైన ఆకులు ఇంకా పచ్చగానే ఉంటాయి. ఆ దశకు వచ్చిన మొక్కను ఏ మందూ లేపలేదు. చేయగలిగిందల్లా దాన్ని కప్పుతో సహా తీసేసి పక్కవాటిని కాపాడుకోవడం.

పొలంలో రైతు దీనికి గింజకు ట్రైకోడెర్మా పట్టించి, నారు మడిని ఎత్తుగా చేసి, లీటరు నీళ్లలో 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మడి తడిసేలా పోస్తాడు. గదిలో, పిల్లల మధ్య, ఆ నీలం మందు డబ్బా తెచ్చి పెట్టుకోవడం తెలివైన పని కాదు. ట్రైకోడెర్మా పొడి మాత్రం చిన్న ప్యాకెట్లలో దొరుకుతుంది, పొట్టులో కలిపితే చాలు. అంతకన్నా పెద్ద మందు, ఖర్చు లేనిది, నీళ్లు పోసే తీరు మార్చడం. పై నుంచి పోయకుండా పళ్లెంలో అర అంగుళం నీళ్లు పోసి, పావుగంటలో కప్పులు పీల్చుకున్నంత పీల్చుకున్నాక మిగిలింది పారబోయాలి. మళ్లీ ఎప్పుడు? కప్పు ఎత్తి చూసి తేలికైనప్పుడు. పైపొర కాస్త పొడిబారడం మంచిదే. పొద్దున్నే పోయాలి, రాత్రి పోస్తే తెల్లవార్లూ చెమ్మ. ఇంట్లో ఆ పని ఒక్కరికే అప్పగించాలి.

దానికి తోడు గాలి. టేబుల్ ఫ్యాను నెమ్మది మీద పెట్టి నారుకు నేరుగా కాకుండా గోడకు తగిలేలా తిప్పితే మట్టి మీద చెమ్మ ఆరుతుంది. గాలికి ఊగిన కాడ గట్టిపడుతుంది కూడా. ఫ్యాను లేనప్పుడు రోజుకు రెండుసార్లు అరచేత్తో నారు తలలు మెల్లగా నిమిరినా కాడకు కదలిక వస్తుంది.

గ్యాలరీలో పెట్టాక కొత్త శత్రువులు. ముంబైలో పావురాలకు కొదవలేదు. మిరప కదా, కారం తగిలి పారిపోతాయనుకుంటే పొరపాటే. పక్షులకు మిరప కారం తెలియదు. అడవి మిరప కాయలను పక్షులు తిని గింజలను దూరాన వేస్తాయని, ఎలుక జాతి జీవులు కారానికి జడిసి ముట్టవని ట్యూక్స్‌బరీ, నభాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2001లో నేచర్ పత్రికలో రాశారు. నారు కప్పుల్లో ఇంకా కాయే లేదు కాబట్టి చాళ్ ఎలుక ఆ శాస్త్రమేమీ పట్టించుకోదు, గింజ కోసం పొట్టు గీకుతుంది. కప్పుల మీద పాత కూరగాయల జల్లెడ బుట్ట బోర్లిస్తే రెండింటి బెడదా తీరుతుంది.

నాలుగు నిజమైన ఆకులు వేశాక ముడత మొదలుకావచ్చు. ఇక్కడ కళ్లకు పని చెప్పాలి. ఆకు అంచులు పైకి లేచి దోనెలా ముడుచుకుంటే అది తామర పురుగు పని, రైతులు పై ముడత అంటారు. అంచులు కిందికి వాలి తిరగేసిన పడవలా అయి, తొడిమ పొడుగ్గా సాగితే అది నల్లి, కింది ముడత. తామర పురుగును తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 2015లో బెంగళూరులో బొప్పాయి మీద తొలిసారి కనిపించిన నల్ల తామర పురుగు 2021–22 పంటకాలంలో గుంటూరు, ఖమ్మం, వరంగల్ మిరప తోటల మీద పడి పూతను తినేసింది. వేల మంది రైతులు నిలువునా మునిగారు. గ్యాలరీలో రెండు కుండీలకు అంత యుద్ధం అక్కర్లేదు. ఆకు అడుగు భాగాన్ని రెండు రోజులకోసారి నీళ్ల తుంపరతో కడిగి, వారానికోసారి సాయంత్రం పూట లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి చల్లితే చాలావరకు అదుపులో ఉంటుంది. ఆకులు ముడతతోపాటు పసుపు మచ్చలుగా, గిడసబారి ఉంటే అది వైరస్, ఆ మొక్క మీద జాలి చూపకూడదు.

ఆరు వారాల నారు కప్పులోంచి పది పన్నెండంగుళాల కుండీలోకి మారాలి. మార్చే ముందు వారం రోజులపాటు ఎండ అలవాటు చేయాలి. మొదటి రోజు పొద్దుటెండ ఒక గంట, రెండో రోజు రెండు గంటలు, అలా. ట్యూబ్ కింద పెరిగిన ఆకును ఒకేసారి మధ్యాహ్నపు ఎండలో పెడితే తెల్లగా మాడిపోతుంది. కుండీల్లో పెంపకం చూడాలంటే, కామాఠీపురా నుంచి నడిచి పోయేంత దూరంలో బైకల్లాలో 1862లో తెరిచిన రాణీబాగ్ ఉద్యానవనం ఉంది. చలికాలం చివర మున్సిపాలిటీ అక్కడ పెట్టే మొక్కల ప్రదర్శనలో కూరగాయల కుండీలూ ఉంటాయి. కుండీలో ఎంత మట్టికి ఎంత కాయ కాస్తుందో కళ్లారా చూడటానికైనా వెళ్లదగ్గ చోటు.

ఈ లెక్కలన్నీ ఇప్పుడు మారుతున్నాయి. వర్లీ బీడీడీ చాళ్లను కూల్చి కడుతున్న టవర్లలో తొలి విడత 556 కుటుంబాలకు 2025 ఆగస్టులో ఇళ్ల తాళాలు ఇచ్చారు. 160 చదరపు అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఇల్లు. కామాఠీపురా గల్లీల పునర్నిర్మాణ ప్రణాళికలూ ముందుకు సాగుతున్నాయి. పై అంతస్తులో వెలుతురుకు లోటుండదు, ఎలుక బెడద తగ్గుతుంది. గాలి మాత్రం కింది చాళ్‌లో ఉన్నట్టు ఉండదు. సముద్రం వైపు నుంచి కొట్టే గాలికి ముప్పయ్యో అంతస్తు కిటికీలో కుండీ గంటల్లో ఎండుతుంది, లేత కాడ విరుగుతుంది. అక్కడ నీళ్లు ఎక్కువవడం కన్నా తక్కువవడమే నారును చంపుతుంది, కప్పు బరువు రోజుకు రెండుసార్లు చూడాలి. కిటికీ బయటి గట్టు మీద కుండీ పెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు, కింద నడిచేవాళ్లకు ప్రాణాంతకం. కిటికీ లోపలి వైపున ఉంచి, వెలుతురు ఒకవైపు నుంచే వస్తుంది కాబట్టి రెండు రోజులకోసారి కుండీని అర చుట్టు తిప్పాలి. పూత వచ్చినప్పుడు లోపలికి తేనెటీగ రాదు, పొద్దున పది గంటల వేళ పూల కొమ్మను వేలితో మెల్లగా తట్టాలి. పుప్పొడి రాలి పిందె కడుతుంది.